బల్ల కింది రాజు

వార్నెల్‌లో సెవెరిన్ రొట్టెల కొట్టు తెలియనివాడు లేడు. లిల్ నగరానికి ట్రాములో అరగంట దూరం. ఒకప్పుడు ఊరంతా నూలు మిల్లులే. ఇప్పుడు మిల్లులు పోయి గోడలు మిగిలాయి. ఆ గోడల మధ్య, చర్చి వెనక సందు మలుపులో, కనుబొమల దాకా పిండి పూసుకున్న భారీ మనిషి ఒకడు గిరాకీలను తిడుతూ, తిట్టిన ప్రతివాడికీ ఒక రొట్టె ముక్క ఎక్కువ పెడుతూ కనిపిస్తాడు. అతనే సెవెరిన్.

జనవరి మొదటి ఆదివారం, ముగ్గురు రాజుల పండగనాడు, ఈ మనిషి చేసే పని చూసి తీరాలి. కొట్టు మధ్యలో పొడుగాటి బల్ల వేసి, దాని మీద గాలెత్ పెడతాడు. బాదం ముద్ద కూరి, పొరలు పొరలుగా కాల్చిన గుండ్రటి రొట్టె అది. లోపల ఎక్కడో ఒక పింగాణీ గింజ దాచి ఉంటుంది. అది ఎవరి ముక్కలో వస్తే వాళ్లకి అట్ట కిరీటం, ఆ పూటకి రాజ్యం. పంపకంలో మోసం లేకుండా ఇంట్లో అందరికంటే చిన్నవాడు బల్ల కిందికి దూరి, పైన ఏ ముక్క కోశారో చూడకుండానే, ఇది ఫలానావాళ్లకి, అది ఫలానావాళ్లకి అని పేర్లు పిలవాలి. కొట్టు నిండా చిన్నపిల్లలున్నా సెవెరిన్ ఆ చోటు ఎవరికీ ఇవ్వడు. యాభైకి దగ్గరపడుతున్నా, మోకాళ్లు కటకటమంటున్నా, ఆ కొండంత ఒళ్లు ముడుచుకుని తనే బల్ల కిందికి దూరతాడు.

ఎందుకని కొత్తవాళ్లెవరైనా అడిగితే ఊరు ఊరంతా ఒకేసారి నోరు తెరుస్తుంది. అందులో సగం కోతలు. జరిగింది మాత్రం ఇదీ.

సెవెరిన్‌కి అప్పుడు పంతొమ్మిదేళ్లు, గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోయేంత బక్కవాడు. వాడికి ఏడేళ్లప్పుడు తల్లి ఒక లారీ డ్రైవరుతో దక్షిణాదికి పోయింది. పోతే పోయింది, ఏటా ఒక సముద్రం బొమ్మ కార్డు మాత్రం తప్పకుండా పంపేది. వాణ్ణి పెంచింది అమ్మమ్మ లియోకాది. ముప్పైనాలుగేళ్లు మిల్లులో నూలు వడికిన మనిషి. మిల్లు మూసేసిన రోజున యజమాని ఆవిడకి ఒక గోడ గడియారం బహుమానంగా ఇచ్చాడు. అది మూడో రోజునే ఆగిపోయింది. "నన్నాపేశారుగా, ఇక దానికి మాత్రం ఏం పని" అని ఆవిడ దాన్ని అలాగే గోడకి ఉంచేసింది.

ఆవిడ ఇల్లు ఒక లోగిలిలో ఉండేది. నడవడానికి ఇంత జాగా, నడుమ ఒక కుళాయి, చుట్టూ వీపులు ఆనించుకున్న పన్నెండు ఇటుక ఇళ్లు. ఉద్యోగానికి ఉత్తరం రాసి ఆ చిరునామా కింద పెడితే చాలు, జవాబు వచ్చేది కాదు. ముప్పై ఉత్తరాలు రాసి సెవెరిన్ మానేశాడు. పొద్దున్నే పోయి మూతపడ్డ మిల్లు గోడెక్కి కూర్చునేవాడు. పక్కన జవాద్, నెల్సన్. జవాద్ అదే లోగిలి వాడు, తోలు కోటు లేకుండా నిద్రపోడేమో అనిపించేవాడు. నెల్సన్ వీధి చివరి పోర్చుగీసు మేస్త్రీ కొడుకు, ఏ బండినైనా నడపగలడు, కానీ సొంత సైకిలు కూడా లేదు.

"ఈ ఊరికి మనం అక్కర్లేదురా" అనేవాడు జవాద్.

"మనకి మాత్రం ఊరు కావాలా?" అనేవాడు నెల్సన్.

ఇద్దరూ సెవెరిన్ వంక చూసేవాళ్లు. వాడు ఉమ్మేసి ఊరుకునేవాడు. ఊరు వాడికి కావాలి. ఆ మాట బయటికి చెప్పుకోవడానికి సిగ్గు.

చెమట పట్టకుండా డబ్బు చేసుకోవాలని ముగ్గురూ బయలుదేరారు గానీ, వాళ్ల దొంగతనాలు దొంగజాతికే తలవంపులు. కారు రేడియో ఎత్తుకొస్తే అది చర్చి ప్రార్థనలు తప్ప ఇంకేదీ పట్టలేదు. ఒక గోదాము తలుపు గంటన్నర కష్టపడి పగలగొట్టారు. పగిలాక తెలిసింది, దానికి గడియే వేయలేదని. లోపల సున్నం బస్తాలు.

ఆ చలికాలం ఊరి రొట్టెలావిడ మదాం ఒదీల్ కొట్టు అద్దానికి ఒక కాగితం అంటించింది: ఈ పండగకి మా గాలెత్‌లలో ఒకదాంట్లో నెపోలియన్ బంగారు నాణెం! పాపం, సరదాకి పెట్టింది కాదు. హైవే మీద వెలిసిన పెద్ద సూపర్‌మార్కెట్ సగం ధరకి గాలెత్‌లు అమ్ముతోంది. భర్త పోయాక ఒక్క చేత్తో కొట్టు ఈడ్చుకొస్తున్న ఒదీల్, తల్లి ఇచ్చిన నాణెం పెట్టెలోంచి తీసింది. ఈ పండగ గట్టెక్కితే కొట్టు ఉంటుంది, లేకపోతే లేదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

"బంగారం రా!" అన్నాడు జవాద్. "నెపోలియన్ది! ఒక్కటి చేతిలో పడితే ముగ్గురం స్పెయిన్ పోయి సముద్రం ఒడ్డున బతికేయొచ్చు."

"నలభై గాలెత్‌లు వ్యాన్లో వేసుకుని శనివారం పొద్దున్నే బయలుదేరుతుంది. నేను చూశా" అన్నాడు నెల్సన్. "ఆ వ్యాను చలికి ఆపితే మళ్లీ స్టార్టవ్వదు. అందుకని ఎక్కడ దిగినా ఇంజను ఆపదు."

"ఆవిడ మంచిది రా" అన్నాడు సెవెరిన్.

"మంచిదే. మనం మాత్రం చెడ్డవాళ్లమా? నాణెం తీసుకుని రొట్టెలు అక్కడే పెట్టేద్దాం."

సెవెరిన్ ఇంకేమీ అనలేదు. ఆ అనకపోవడమే వాడు చేసిన తప్పు.

శనివారం పదింటికి ఒదీల్ వ్యాను కాఫీ కూడా అమ్మే పొగాకు కొట్టు ముందు ఆపి, ఇంజను ఆపకుండా, వేడివేడి కాఫీకని లోపలికి వెళ్లింది. ఆవిడ చెంచాతో చక్కెర కలుపుతూ ఉండగానే వ్యాను వీధి మలుపు తిరిగింది. ఇంత సులువుగా జరిగిన పని ఆ ముగ్గురి జన్మలో లేదు. పాత మిల్లు ఆవరణలో దాన్ని నిలిపారు. అక్కడ కప్పు మీద నుంచి మంచు నీళ్లు కారుతున్నాయి. పక్క గోడకి ఆనుకునే లోగిలి. అమ్మమ్మ శనివారం సంతకి పోతే పన్నెండు దాకా రాదు. నలభై తెల్ల అట్టపెట్టెలూ ఆవిడ వంటింట్లో మెట్ల కిందికి చేరాయి.

నెల్సన్ మొదటి గాలెత్‌ని రెండు చేతులా పట్టుకుని చీల్చబోతున్నాడు. తలుపు తెరుచుకుంది. గుమ్మంలో అమ్మమ్మ. పర్సు మరిచిపోయి వెనక్కి వచ్చింది.

ఆవిడ చూసింది పెట్టెల్ని కాదు, నెల్సన్ చేతుల్ని. మరుక్షణం తడిగుడ్డ వాడి చెవి మీద చెళ్లుమంది.

"గాలెత్‌ని చేత్తో పీకుతావురా? నిన్ను తోడేళ్లు పెంచాయా? మీ అమ్మకి చెప్పమంటావా?"

"వద్దు, మదాం" అన్నాడు నెల్సన్, చెవి పట్టుకుని.

"ఇన్నెక్కడివి?"

"లాటరీ!" అన్నాడు జవాద్. "రెడ్‌క్రాస్ లాటరీలో గెలిచాం, మదాం లియోకాది. మొత్తం నలభై!"

అమ్మమ్మ మనవడి వంక చూసింది. సెవెరిన్ ఆగిపోయిన గడియారం వంక చూశాడు. ఆవిడ మొహం ఒక్కసారిగా విప్పారింది. మనవడు ఏదో ఒకటి గెలవగా చూడాలని ఆవిడ ఎన్నేళ్లుగా ఎదురుచూస్తోందో!

"నలభై పెట్టుకుని ముగ్గురు మూల కూర్చుని తింటారా, సిగ్గులేనోళ్లారా!" అంటూ గరిటె, మూకుడు తీసుకుని లోగిలి మధ్యకి పోయి టంగుటంగున వాయించింది. "రండి! నా మనవడు గెలిచాడు! ముసలాళ్లు ముందు రండి!"

జవాద్ సెవెరిన్ చెవిలో గుసగుసలాడాడు. "రానీరా. ఇదే నయం. ముప్పై నోళ్లు నమిలి పెడతాయి. ఎవడి పంటికింద టక్కుమంటే వాడి దగ్గర తీసుకుందాం."

పన్నెండిళ్ల వాళ్లూ ఆ వంటింట్లోకి ఎలా పట్టారో ఆ దేవుడికే తెలియాలి. కుర్చీల మీద, మెట్ల మీద, కిటికీలో కూర్చున్నారు. జవాద్ తల్లి ఫదీలా పుదీనా టీ కాచి తెచ్చింది. మరెవరో ఆపిల్ కల్లు సీసాలు తెచ్చారు. చిన్నపిల్లలు శనివారం బడిలో ఉన్నారు. ఉన్నవాళ్లలో అందరికంటే చిన్నవాడు సెవెరినే, నెల్సన్ కంటే మూడు నెలలు.

"దూరు కిందికి" అంది అమ్మమ్మ.

"అమ్మమ్మా, నాకు పంతొమ్మిదేళ్లు!"

"అయితే ఏం? మీ తాతయ్య ఇరవై రెండేళ్లప్పుడు దూరాడు, నేను అక్కడే చూసి మనసు పడ్డా. దూరు!"

అలా, ఊరిని వణికిద్దామని బయలుదేరిన దొంగ, పువ్వుల బల్లగుడ్డ కింద మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. పైన కత్తి కరకరమంది.

"బల్ల కిందివాడా! ఇది ఎవరికి?"

"ఫదీలా అత్తకి."

"ఇది?"

"నెల్సన్‌కి."

ఒక గాలెత్ అయింది. గింజ ఎవరికీ రాలేదు. రెండోది కోశారు. మూడోది. బల్ల కింద నుంచి వాడికి చెప్పులు మాత్రమే కనిపిస్తున్నాయి. పైన నవ్వులు, నమిలే చప్పుళ్లు. నడుమ నడుమ జవాద్ గొంతు: "మెల్లగా నమలండి పిన్నీ, మింగేయకండి. ఏదైనా గట్టిగా తగిలిందా? తగల్లేదా? మళ్లీ చూడండి!"

"ఏమిట్రా వీడు, పళ్ల డాక్టరులా నోట్లోకి చూస్తాడు!" అంది ఫదీలా. "రొట్టె మాత్రం అచ్చం ఒదీల్ చేసినట్టే ఉంది."

"ఒదీల్‌ది కాదు" అంది అమ్మమ్మ. "ఎనిమిది కోశాం, ఎనిమిదింట్లోనూ గింజ లేదు. ఒదీల్ తల తెగినా గింజ మరిచిపోదు. ఎవడో చేతగాని వెధవ చేశాడు. అందుకే నేను ముట్టలేదు. నా గాలెత్ ఒదీల్ తెస్తుంది. ఏటా తనే ఇంటికి తెచ్చిస్తుందిగా, పన్నెండు లోపల వచ్చేస్తుంది."

బల్ల కింద సెవెరిన్ నుదురు కొట్టుకున్నాడు. పదేళ్లుగా కళ్లారా చూస్తున్న సంగతే. ఒదీల్ పండగ గాలెత్ అమ్మమ్మకి చేత్తో తెచ్చి ఇవ్వనిదే ఊరుకోదు. అదెలా మరిచాడు! బయటికి పారిపోదామంటే చుట్టూ కాళ్ల గోడ.

ఆ గోడ అవతల తలుపు కొట్టిన చప్పుడు.

తెల్లటి చెక్క చెప్పులు రెండు లోపలికి వచ్చాయి, మంచులో నడిచి నడిచి తడిసిపోయి. కాళ్లన్నీ జరిగి దారిచ్చాయి.

"ఇదిగోండి మదాం లియోకాది, మీది" అంది ఒదీల్ గొంతు, జలుబు పట్టినట్టు. "నడిచొచ్చాను. ఆలస్యమైంది. నా వ్యాను ఎత్తుకుపోయారు."

వంటిల్లు గొల్లుమంది.

"నలభై గాలెత్‌లు అందులోనే ఉన్నాయి. సాయంత్రం ఐదింటికి మేయర్ గారి కొత్త సంవత్సరం విందుకి. ఏడాది పొడుగునా ఆయన ఆఫీసు ఆర్డరే నన్ను నిలబెట్టింది. ఇవాళ ఇవ్వకపోతే ఆ సూపర్‌మార్కెట్‌కి ఇచ్చేస్తారు. ఇక కొట్టు మూసుకోవడమే." ముక్కు తుడుచుకుంది. "ఏడుస్తూ కూర్చుంటే ఏమొస్తుంది? మీ గాలెత్ కొట్లో బల్ల మీద కనిపించింది. ముందు ఇది ఇచ్చి, అక్కడి నుంచి పోలీసుల దగ్గరికి పోదామని వచ్చాను."

"ముందు కూర్చో, అమ్మాయ్" అంది అమ్మమ్మ. "ఖాళీ కడుపుతో పోలీసుల దగ్గరికి పోకూడదు, నిన్నే అనుమానిస్తారు. పిలవకుండా వచ్చినవాళ్లకని ప్రతి గాలెత్‌లోనూ ఒక ముక్క ఎక్కువ కోస్తాం. అది నీది."

ఒదీల్ తెచ్చిన గాలెత్‌ని అమ్మమ్మ కోసింది. కింద సెవెరిన్ ఆ చెక్క చెప్పుల్నే చూస్తున్నాడు. మేజోళ్లలోంచి నీళ్లు నేల మీదికి కారుతున్నాయి. ఏమీ మాట్లాడకపోతే వాడికేమీ కాదు. ఆవిడ తిని పోతుంది, పోలీసులు వెతుకుతారు, మిల్లు ఆవరణలో ఖాళీ వ్యాను దొరుకుతుంది. దొంగ ఎవరో ఎప్పటికీ తెలియదు. అమ్మమ్మ లాటరీనే నమ్ముతుంది. ఒదీల్ కొట్టు మాత్రం ఉండదు.

"బల్ల కిందివాడా! ఇది ఎవరికి?"

"జవాద్‌కి."

"ఇది?"

"నీకు, అమ్మమ్మా."

ఒక్కొక్క ముక్కా పోయింది. చివరిది మిగిలింది.

"ఇది ఎవరికిరా?"

నెల్సన్ బూటు సెవెరిన్ కాలిని తొక్కింది, మాట్లాడకు అన్నట్టు. జవాద్ బూట్లు తలుపు వైపు తిరిగి ఉన్నాయి.

"నిద్రపోయావా? ఇది ఎవరికి?"

"మదాం ఒదీల్‌కి" అన్నాడు సెవెరిన్. "ఇదీ... మిగతా అన్నీ. మెట్ల కింద ముప్పై రెండు పెట్టెలున్నాయి. అన్నీ ఆవిడవే. ఎత్తుకొచ్చింది మేమే. లాటరీ లేదు, అమ్మమ్మా. నేనేమీ గెలవలేదు."

జవాద్ తలుపు దాకా పోయాడు గానీ, ఫదీలా చెయ్యి వాడి తోలు కోటు కాలరు మీద అప్పటికే ఉంది. అమ్మమ్మ కత్తి బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు సెవెరిన్‌ని ఏ పోలీసు దెబ్బ కంటే గట్టిగా తాకింది.

"ఎందుకు?" అంది ఒదీల్.

"బంగారు నాణెం కోసం" అన్నాడు జవాద్, కాలరు బిగుసుకుపోగా సన్నటి గొంతుతో. "ఎనిమిది తిన్నాం. దొరకలేదు. అది ఏ పెట్టెలో పెట్టారు, మదాం?"

ఒదీల్ లోపల ఎక్కడి నుంచో నవ్వు బయలుదేరింది. బల్ల కూడా కదిలింది.

"ఓరి వెర్రినాగన్నల్లారా! అవి మేయర్‌వి రా! రిపబ్లిక్‌లో రాజులు ఉండకూడదని ఆయన పంతం. గింజ పెడితే ఎవడో ఒకడు రాజవుతాడని, ఏటా గింజ లేకుండా చేయిస్తాడు. ఊరు మొత్తంలో లోపల ఏమీ లేని గాలెత్‌లు ఆ నలభయ్యే! మీరు ఏరికోరి వాటినే ఎత్తుకుపోయారు! నాణెం రేపటి గాలెత్‌లలో పెట్టాలి, ఇదిగో నా జేబులోనే ఉంది!"

కిటికీలో కూర్చున్న ముసలాయనకి ముందు పొరపోయింది. ఆయన దగ్గుతో కలిపి నవ్వాడు. అక్కడి నుంచి ఇంకెవరూ ఆగలేదు. ఫదీలా కొడుకు కాలరు వదలకుండానే నవ్వింది. నవ్వు మధ్యలో ఒదీల్ తన ముక్క కొరికింది. టక్కుమంది. చేతిలోకి ఉమ్ముకుని చూస్తే, పింగాణీ గింజ.

అమ్మమ్మ అట్ట కిరీటం తెచ్చి ఆవిడ తడి జుట్టు మీద పెట్టింది. "రాణివి నువ్వు. రాజును ఎంచుకో" అంది. గొంతులో ఇంకా నవ్వు లేదు.

ఒదీల్ వంగి, బల్లగుడ్డ అంచు పైకెత్తింది. కళ్లు తుడుచుకుంటున్న సెవెరిన్ కనిపించాడు.

"వీడు."

"నేను దొంగని, మదాం."

"దొంగ రాజులు ఈ దేశానికి కొత్తా? రాజైనవాడు తరవాతి గాలెత్ పెట్టాలి. అది మన రివాజు. నువ్వు ఎనిమిది బాకీ ఉన్నావు. పోలీసుల దగ్గరికి పోయేంత తీరిక నాకిప్పుడు లేదు. లే!"

ఐదింటికి ఇంకా నాలుగున్నర గంటలుంది. నెల్సన్ వ్యాను తెచ్చాడు, ముప్పై రెండు పెట్టెలూ ఎక్కించాడు. లోగిలి లోగిలంతా ఒదీల్ కొట్టు వంటగదిలోకి తరలింది. ఫదీలా బాదం రుబ్బింది, జవాద్ కోటు విప్పాడు. ఆ కోటు లేకుండా వాణ్ణి చూడడం తల్లికే కొత్త. సెవెరిన్ ఒదీల్ పక్కన నిలబడి పిండి మడతపెట్టి, ఒత్తి, మళ్లీ మడతపెట్టాడు. ఆవిడ చెప్పింది ఒక్కసారే. వాడి చేతులు ఎక్కడో నేర్చుకుని వచ్చినట్టు కదిలాయి. ఆవిడ ఆ చేతుల వంక ఓరగా చూసింది. ఆవిడ చూడడం అమ్మమ్మ చూసింది.

"ముప్పైనాలుగేళ్లు నేనూ ఇలాగే నిలబడ్డానురా" అంది వాడి పక్కకి వచ్చి. అది క్షమించానన్న మాటేనని వాడికి అర్థమైంది. మొహం ఓవెన్ వైపు తిప్పుకున్నాడు.

ఐదింటికి మేయర్ గారి విందులో నలభై గాలెత్‌లూ ఉన్నాయి, ఎనిమిది కొంచెం వంకర. రాజుల మీద ఏటా చేసే ప్రసంగం ముగించి మేయర్ మొదటి ముక్క కొరికాడు. ఆయన మొహం మారింది. నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, దేన్నో అందులో చుట్టి, నెమ్మదిగా జేబులో వేసుకున్నాడు. వెనక వరసలో అమ్మమ్మ చికోరీ కాఫీ కప్పు పట్టుకుని, గోడ వంక అమాయకంగా చూస్తోంది. "గింజ లేని గాలెత్ నా చేతుల మీదుగా పోదు" అని ఆ తరవాత ఒప్పుకుంది. మరుసటి ఏడు కూడా మేయర్ ఆర్డరు ఒదీల్‌కే ఇచ్చాడు. గింజ సంగతి మాత్రం ఎత్తలేదు.

నాణెం ఆదివారం ఒక రిటైరైన పోస్ట్‌మాన్‌కి వచ్చింది. దాన్ని అమ్మితే జవాద్ తోలు కోటుకి ఒక చెయ్యి వస్తుందేమో, స్పెయిన్ మాత్రం రాదు. సోమవారం తెల్లవారుతూనే సెవెరిన్ కొట్టు తలుపు కొట్టాడు.

"ఎనిమిదీ మొన్ననే తీరాయిగా" అంది ఒదీల్.

"రాజు తరవాతి గాలెత్ పెట్టాలన్నారుగా. తరవాత ఇంకోటి ఉంటుంది కదా, మదాం."

ఒదీల్ ఒక ఏప్రన్ వాడి మొహాన విసిరింది. పదకొండేళ్ల తరవాత తాళాలు కూడా అలాగే విసిరింది. నెల్సన్ ఇప్పుడు లిల్ ట్రాము నడుపుతున్నాడు. జవాద్ నిజంగానే స్పెయిన్ పోయి, వాన లేదని విసుగొచ్చి, రెండేళ్లకి తిరిగొచ్చి మిల్లు గోడ పక్కనే టైర్ల కొట్టు పెట్టాడు. అమ్మమ్మ తొంభై ఒకటో ఏట, కోసిన గాలెత్ ముందు పెట్టుకునే కన్నుమూసింది. ఆగిపోయిన ఆ గడియారం ఇప్పుడు సెవెరిన్ కొట్టులో ఉంది.

ఏటా పండగనాడు ఒదీల్ వస్తుంది. ఎనభై దాటాయి. ఆవిడకంటూ కుర్చీ వేసి ఉంచినా ఆవిడ నేరుగా లోపలికి రాదు, బయట నిలబడి తలుపు కొడుతుంది. పిలవకుండా వచ్చినవాళ్ల ముక్కే తనకి కావాలంటుంది. అప్పటికి బల్ల మీద చివరి ముక్క మిగిలి ఉంటుంది. కొట్టు నిండా జనం. అందరికీ తెలుసు ఏం వినబోతున్నారో, అయినా ఊపిరి బిగబట్టి వింటారు.

"బల్ల కిందివాడా! ఇది ఎవరికి?"

"మదాం ఒదీల్‌కి" అంటుంది కింద నుంచి ఆ బొంగురు గొంతు. "ఇదీ, మిగతా అన్నీ."

జనం ఘొల్లున నవ్వుతారు. ఒదీల్ మాత్రం నవ్వదు. కర్ర ఆసరాతో వంగి, బల్లగుడ్డ అంచు పైకెత్తి, వాడు ఉన్నాడో లేడో ఒకసారి చూసుకుని, అప్పుడు తింటుంది.